తోసే బండి, లాగే బండి

పోయిన నెలలో కుప్పంలో మా అక్క మనవరాలికి చెవులు కుట్టిస్తుంటే వెళ్ళాను. మదనపల్లెలో ఇంటి ముందుకే కారు తెచ్చి నన్ను ఎక్కించుకున్నవాడు మా అక్క కొడుకు. కొత్త కారు, కరెంటుతో నడిచేది. ఇంజను చప్పుడు లేదు, గేర్లు లేవు. పుంగనూరు దాటిందీ పలమనేరు దాటిందీ దారిపక్క బోర్డులు చూసి తెలుసుకోవాల్సిందే తప్ప ఒంటికి తెలియలేదు. మాటల మధ్య ఊరికే అడిగాను, ఈ కారును ముందు చక్రాలు లాగుతాయా, వెనక చక్రాలు తోస్తాయా అని. వాడు, "తెలీదు మామా, ఫోన్లో సూసి సెప్తా" అన్నాడు.

నేను తప్పు పట్టలేదు. నడిపేవాడికి తెలియకపోయినా నడిచే బండి మంచి బండే. కానీ మా వయసువాళ్ళకు తెలుసు, ఒకప్పుడు ఇది ఎంత పెద్ద ప్రశ్నో. మా బంధువుల్లో రెండిళ్ళ మధ్య కొన్నేళ్ళపాటు నడిచిన వాదమంతా దీని మీదే. ఒక ఇల్లు పుంగనూరులో మా మేనమామది, ఆయనకు అంబాసిడర్ ఉండేది. రెండో ఇల్లు కుప్పంలో మా అక్కది, మా బావకు మారుతి ఉండేది. నేను అప్పుడే ఒక దినపత్రికకు మదనపల్లె నుంచి వార్తలు రాయడం మొదలుపెట్టాను కాబట్టి, పేపరు వాడికి అన్నీ తెలుస్తాయన్న నమ్మకంతో ఇద్దరూ నన్ను న్యాయం చెప్పమనేవాళ్ళు. నాకు సైకిలు తప్ప మరో బండి లేదు.

మామ అంబాసిడర్ బాడుగలకు తిరిగేది. పెళ్ళిళ్ళు, తిరుపతి ప్రయాణాలు, ఆస్పత్రులు, సంతకు పోయే పశువుల బేరగాళ్ళు, అందరికీ అదే. ముందు సీటు బెంచీలాగా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే ఉండేది, డ్రైవరు పక్కన ఇద్దరు కూర్చోవాలన్నది లెక్క, ముగ్గురు కూర్చోవడం మర్యాద. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండేది. మామ దాన్ని చూపుడు వేలితోనూ బొటనవేలితోనూ ఆకుకు సున్నం రాసినంత సుతారంగా కదిలించేవాడు. ఇంజను ముందు ఉన్నా బలమంతా కారు కింద పొడుగునా పోయే ఇనుప షాఫ్టు గుండా వెనక చక్రాలకు చేరేది. ఆ షాఫ్టు కోసం లోపల కాళ్ళ దగ్గర, మధ్యలో, పెద్ద గుబ్బ ఉండేది. చిన్నప్పుడు మమ్మల్నందరినీ దాని మీదే కూర్చోబెట్టేవాళ్ళు. అడుగున షాఫ్టు తిరిగే అదురు ఒంట్లోకి ఎక్కి, ఊరు చేరి దిగాక కూడా కాసేపు నేల వణుకుతున్నట్టే ఉండేది. డీజిలు, వక్కాకు, ఎండకు కాగిన రెక్సిను సీట్లు, ఈ మూడూ కలిసిన వాసన ఇప్పుడు ఎక్కడా దొరకదు.

బావ పట్టుగూళ్ళ వ్యాపారం చేసేవాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా నలగనివ్వడు. తెల్ల మారుతి కొన్నప్పుడు కుప్పంలో వాళ్ళ వీధి వీధంతా వచ్చి చూసిందని అక్క చెప్పేది. తాళం తిప్పితే చాలు, మదనపల్లె చలిలో కూడా ఒక్క పిలుపుకే పలికేది. లోపల కూర్చుంటే నేలకు ఆనుకుని పోతున్నట్టు ఉండేది. మోకాళ్ళు మాత్రం గడ్డానికి దగ్గరయ్యేవి. దాని ఇంజనూ, చక్రాలు తిప్పే సరంజామా అంతా ముందే. వెనక చక్రాలు వట్టినే దొర్లుతూ వచ్చేవి. పలమనేరు నుంచి కుప్పం పోయే దారిలో మలుపులు వస్తే అంబాసిడర్ ఒంటిని ఒక పక్కకు వాల్చి, ఆలోచించి, తర్వాత తిరిగేది. మారుతి మాత్రం బావ ఎటు చూస్తే అటు తిరిగేది. బావ ఆ కారును పాత మల్లు పంచె ముక్కతో తుడిచేవాడు. ఆ గుడ్డను ఇంకెవరూ ముట్టకూడదు.

ఇద్దరూ కలిసినప్పుడల్లా మొదలయ్యేది. "ఎద్దును యాడైనా బండికి ఎనకాల కడతారా మామా? ముందర కట్టి లాగిస్తారు గానీ" అనేవాడు బావ. మామ తొందరపడేవాడు కాదు. నోట్లో వక్కాకు ఒక పక్కకు సర్దుకుని, "కడతారు లేప్పా, ముందరే కడతారు. బురదలో దిగబడినప్పుడు మాత్రం ఎనకాలకొచ్చి బుజం పెట్టేదానికి మనుసులు కావాల. నా బండికి ఆ బుజం పుట్టుకతోనే ఉండాది" అనేవాడు. ఆ మాటకు అత్త నవ్వేది, అక్క నవ్వేది కాదు. మారుతిని అగ్గిపెట్టె అనేవాడు మామ. దాని స్టీరింగు జన్మలో ముట్టనని నలుగురిలో అన్నాడు కూడా.

మామ బండికి ఆ దిక్కున ఒక ఆచారం ఉండేది. పుంగనూరు నుంచి చౌడేపల్లె వైపు పోయే పల్లెదారులన్నీ అప్పుడు మట్టిబాటలు. వానొస్తే వంకల దగ్గర, మిట్టల దగ్గర అంబాసిడర్ వెనక చక్రాలు జారేవి. అప్పుడు చేలల్లో పని చేసుకునేవాళ్ళు ఎవరూ పిలవకుండానే వచ్చి వెనక బంపరు మీదికి ఎక్కేవాళ్ళు. డిక్కీ పట్టుకుని, లయగా ఎగిరి కూర్చుంటూ బరువు పెట్టేవాళ్ళు; కొందరు గట్టు మీది రాళ్ళు తెచ్చి డిక్కీలో వేసేవాళ్ళు. వెనక బరువు పడేసరికి చక్రం మట్టిని కరుచుకునేది. బండి మిట్ట ఎక్కగానే రాళ్ళు తీసి మళ్ళీ గట్టు మీద పెట్టి, మామ ఇచ్చిన వక్కాకు వేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. కారు అంటే వెనక బరువు పెట్టాలి అన్నది ఆ పల్లెలన్నింటికీ నాగలి పట్టడం వచ్చినంత సహజంగా వచ్చేసింది. వేరే రకం కారు వాళ్ళు చూడలేదు మరి.

ఒక కార్తీక మాసంలో వానలు పట్టుకున్నాయి. మా జిల్లాలో కార్తీకం వానలంటే ఆకాశం ఉతికి ఆరేసిన గోనెలాగా ఉంటుంది, రోజుల తరబడి అదే ముసురు. చెరువులు నిండి మొరవ పొర్లిపోతున్నాయని, దారులు తెగాయని వార్త రాయడానికి నేను మదనపల్లె నుంచి పుంగనూరు వచ్చి మామ ఇంట్లోనే దిగాను. అక్కను మేనమామ ఇంట్లో నాలుగు రోజులు ఉంచడానికి బావ కూడా మారుతిలో అక్కడికే వచ్చాడు. మామ అంబాసిడర్ క్లచ్చు ప్లేట్లు మార్చడానికి షెడ్డులో ఉంది. బావ దాని గురించి ఏమీ అనలేదు. అనకపోవడమే మామకు ఎక్కువ గుచ్చుకుందని నాకు అనిపించింది.

ఆ పొద్దున మేం ఉప్మా తింటుండగా పాల వ్యాను ఎక్కి ఒకాయన వచ్చాడు. చౌడేపల్లె అవతల పల్లెలో మా చిన్నమ్మ ఇంటి పక్కాయన. చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు, మామకు కడగొట్టు చెల్లెలు. మా చిన్నాన్న పోయాక, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని కూలికి పోతూ, ఒక జెర్సీ పెయ్యను తెచ్చి కన్నబిడ్డలాగా సాకింది. అది ఈనితే డెయిరీకి పాలు పోసి, ఇంక ఒకరి చేలోకి పోకుండా బతకొచ్చని ఆమె ఆశ. ఆమె మాటల్లో ఏడాదిగా వేరే సంగతే ఉండేది కాదు.

వచ్చినాయన వాకిట్లోనే నిలబడి చెప్పాడు. "తొలిసూలుది సామీ, కోడి కూసినప్పటినుంచీ నొప్పులు తీస్తాండాది. దూడ కాళ్ళు అగపడతాండాయి, తల రాలేదు. ఆయమ్మ ఆవు పక్కనే కూసోని లెయ్యనంటాది. డాక్టర్ని పిల్సకరమ్మనింది."

మామ తిన్నది సగంలో వదిలి లేచాడు. పశువుల డాక్టరు పుంగనూరులోనే ఉన్నాడు, వస్తానన్నాడు. ఆఫీసు జీపు టీకాల కోసం మరో ఊరికి పోయింది, బండి ఉంటే చాలన్నాడు. బండి అంటే ఆ పూట మాకు ఒకటే బండి. బావ చొక్కా చేతులు మడిచి తాళం తీసుకున్నాడు. మామ ముందు సీట్లో, పొట్ట డాష్‌బోర్డుకు ఆనేలా ఇరుక్కుని కూర్చున్నాడు. డాక్టరూ నేనూ వెనక. మందుల పెట్టె నా ఒళ్ళో.

చౌడేపల్లె దాకా తారు రోడ్డు, బావ బాగా లాగించాడు. అక్కడ మట్టిబాటలోకి దిగాక వంక దాటాం, నీళ్ళు చక్రాల్లో సగం దాకా వచ్చినా దాటాం. వంక అవతల ఎర్రమట్టి మిట్ట. సగం ఎక్కాక ముందు చక్రాలు జారడం మొదలై, బండి ఉన్నచోటే బుసలు కొడుతూ నిలిచిపోయింది. మిట్ట ఎక్కినా చిన్నమ్మ పల్లె ఇంకా చాలా దూరం.

చేలల్లోంచి తల మీంచి గోనెసంచి కొప్పెరలు కప్పుకున్న మనుషులు అప్పుడే వచ్చేశారు. మామను చూడగానే వాళ్ళకు ఏం చేయాలో చెప్పే పని లేకపోయింది. మామ కూడా అలవాటుగా దిగి, "ఎక్కండప్పా ఎనకాల" అన్నాడు. ఇద్దరు రాళ్ళు మోసుకొచ్చారు, మిగిలినవాళ్ళు వెనక చేరారు.

"ఇదేంది మామా, కారా కోడిగుడ్డా? యాడ పట్టుకోవాలో దోవే లేదే దీనికి" అన్నాడు రాళ్ళు తెచ్చినవాళ్ళలో ఒకడు.

"మెల్లిగాప్పా, మెల్లిగా! బంపరు ఇనప్ది కాదు!" అని బావ లోపలి నుంచి మొత్తుకున్నాడు.

"కాకుంటే కాగితం పెట్టినారా యేంది?" అంటూనే ఒకాయన ఎక్కాడు. డిక్కీలో రాళ్ళు, వెనక మనుషులు, మామ కేక. బావ యాక్సిలరేటరు తొక్కాడు. చక్రాలు మునుపటికంటే ఘోరంగా గిరగిరా తిరిగి, ఎర్రటి బురదను ఎగజిమ్మి మామ తెల్లబట్టలను మోకాళ్ళ నుంచి రొమ్ము దాకా రంగు మార్చేశాయి. బరువు చాలలేదనుకుని ఇంకో ఇద్దరు ఎక్కారు. ఎంతమంది ఎక్కితే అంత జారింది. బండి మూతి పైకి లేస్తోంది, బండి కిందికి పోతోంది.

డాక్టరు నా ఒళ్ళోంచి పెట్టె తీసుకున్నాడు. ఇంకా ఆలస్యమైతే దూడ దక్కదని, ఆ తర్వాత ఆవు సంగతి కూడా చెప్పలేమని మెల్లగా అని, ప్యాంటు మడిచి ఆ బురదలోనే నడక మొదలుపెట్టాడు. మనిషి భారీ, పెట్టె బరువు, పల్లె దూరం. ఆ నడకతో ఆయన వేళకు చేరలేడని చూస్తున్న అందరికీ తెలుసు. చిన్నమ్మ పక్కింటాయన మాకంటే ముందే అదే పాల వ్యానులో బయలుదేరి, వంక దాటకముందే దిగి అడ్డదారిన వెళ్ళిపోయాడు, డాక్టరు వస్తున్నాడని చెప్పడానికి. ఆ మాట విని చిన్నమ్మ వాకిట్లోకి వచ్చి బాట వైపు చూస్తూ ఉంటుందని నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

మామ అప్పుడు ఒక పని చేశాడు. బండి ముందుకు వచ్చి గొంతుక్కూర్చుని, బావను కొంచెం తొక్కమన్నాడు. ముందు చక్రం గాలిలోలాగా తిరిగింది. వెనక చక్రం కదలనే లేదు. ఇన్నేళ్ళూ వాదించాడు గానీ, ఆ బండి నిజంగా ఎలా నడుస్తుందో ఆయన చూడటం అదే మొదటిసారి అనుకుంటాను. లేచి, పంచెకు చేతులు తుడుచుకున్నాడు.

"దిగండప్పా అందురూ. రాళ్ళు తీసెయ్యండి. దీని ఎద్దులు ముందరుండాయి, మనం బరువంతా తోకకు కట్టినాం" అన్నాడు. తర్వాత బావ వైపు తిరిగి, "అల్లుడా, బండి తిప్పు. ఎనక్కి ఎక్కుదాం. ముందర సెక్రాలు కింది పక్క ఉంటే బరువు వాటిమీదనే పడతాది."

బావకు అది వెంటనే అర్థమైంది. ఆ చిన్న బండిని పదిమందీ చేతులతోనే ఎత్తినంత పని చేసి అటు తిప్పారు. కానీ బావ స్టీరింగు ముందు కూర్చుని వెనక్కి చూసి, "ఇంత దూరం ఎనక్కి తోలేది నాకు రాదు మామా. జారితే కింద వంక ఉండాది" అన్నాడు. బావ దిగి పక్క సీట్లోకి వెళ్ళాడు. మామ చెప్పులు విడిచి ఎక్కాడు.

అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. అంబాసిడర్ తొక్కిన పాదం ఒకేసారి రెండు పెడళ్ళ మీద పడింది. ఎడమ చేయి గేరు కోసం అలవాటుగా స్టీరింగు పక్కకే పోయి, దొరికినదాన్ని పట్టి లాగితే అద్దం మీద వైపర్లు ఊగడం మొదలుపెట్టాయి. గోనెసంచుల కింద నవ్వులు. బావ నవ్వలేదు. "గేరు కింద ఉండాది మామా. మీరు క్లచ్చు తొక్కండి, గేరు నేనేస్తా" అని తనే చేయి పెట్టి వేశాడు. మామ మెడ పూర్తిగా వెనక్కి తిప్పి, వెనక అద్దంలోంచి మిట్టను చూస్తూ, పాదం మెల్లగా వదిలాడు. జారుతుందనుకున్నాం. కొంచెం వణికింది, తర్వాత పట్టుకుంది. ఒకరి కాళ్ళు, ఇంకొకరి చేయి, బండి వెనక్కి వెనక్కి మిట్ట ఎక్కుతుంటే, పక్కన మేమందరం పరుగెత్తుతూ ముందు బానెట్ మీద అరచేతులు పెట్టి తోశాం. బానెట్ మీద ఎన్ని బురద చేతులు పడ్డాయో బావ చూశాడు.

డాక్టరు వెనక నుంచి వస్తున్న చప్పుడు విని తిరిగి చూసేసరికి కారు తోకే తన మీదికి వస్తోంది. పక్కకు గెంతి, ఆపక ముందే తలుపు పట్టుకుని ఎక్కాడు. మిట్ట మీద బాట చదును, నేనూ ఎక్కాను. అక్కడ బండిని మళ్ళీ ముందుకు తిప్పారు గానీ సీట్లు మారలేదు, వేళ లేదు. చిన్నమ్మ వాకిలి దాకా మామ తొక్కితే బావ గేర్లు వేశాడు.

చిన్నమ్మ పశువుల పాకలో ఆవు తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మా వైపు చూసింది గానీ పలకరించలేదు. డాక్టరు చేతులకు సబ్బు, నూనె రాసుకుని, ఆవు అరుపుల మధ్య చాలాసేపు పెనుగులాడి, పక్కకు వాలిన దూడ తలను లోపలే సరిచేశాడు. కాళ్ళకు తాడు కట్టి మామ చేతికీ బావ చేతికీ ఇచ్చాడు. ఆవు ముక్కినప్పుడే లాగాలి, ఆపినప్పుడు ఆపాలి అన్నాడు. వాళ్ళిద్దరూ డాక్టరు మాట కోసం చెవులు రిక్కించి, ఒకే ఊపున లాగారు, ఆగారు, మళ్ళీ లాగారు. దూడ జారి గడ్డిలో పడినప్పుడు కదలిక లేదు. డాక్టరు దాని ముక్కులో గడ్డిపోచ పెట్టి తిప్పుతుంటే చిన్నమ్మ గడ్డి చుట్ట చేసి ఒళ్ళంతా గట్టిగా రుద్దసాగింది. రుద్దీ రుద్దీ ఆమె చేతులు ఆగిపోయే వేళకు దూడ తుమ్మింది.

"ఆడదూడ" అన్నాడు డాక్టరు.

చిన్నమ్మ అప్పుడు నోరు విప్పింది. "అన్నా, కాఫీ తాగతారా? బెల్లం కాఫీనే" అంది, మేమేదో ఊరికే చూడడానికి వచ్చినట్టు. అంటూనే స్తంభానికి ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆవు లేచి నిలబడి దూడను నాకడం మొదలుపెట్టేదాకా మామ పాక వదలలేదు. బావ బయట చూరు నీళ్ళ కింద నిలబడి చేతులు కడుక్కుంటూ, బానెట్ మీది బురద చేతుల వైపు చూస్తున్నాడు. మల్లుగుడ్డ మాత్రం తీయలేదు.

ఆ సాయంత్రం నేను పత్రికకు పంపిన వార్త నాలుగు లైన్లు. వానలు, మొరవలు, తెగిన దారులు. మరుసటి రోజు మొదటి పేజీలో కాదు, లోపల ఎక్కడో వచ్చింది. జున్ను మాత్రం పుంగనూరుకూ కుప్పానికీ మదనపల్లెకూ, మూడు ఊళ్ళకూ వచ్చింది.

ఆ ఆవు చిన్నమ్మ ఇంట చాలా ఈతలు ఈనింది. ఆమె మళ్ళీ కూలికి పోలేదు. పిల్లలిద్దరూ చదువుకున్నారు, పెద్దవాడికి పాల శీతలీకరణ కేంద్రంలో నెలజీతం. మామా బావా వాదించుకోవడం మానలేదు గానీ, వాదం కొంచెం వింతగా మారింది. బాడుగకు వచ్చినవాళ్ళు ఎవరైనా మారుతి పల్లెదారులకు పనికిరాదంటే, దాన్ని తోలేది తెలియాల్నప్పా అని మామే అడ్డం వచ్చేవాడు. అక్క కూతురి పెళ్ళికి పెళ్ళికొడుకును ఊరేగించడానికి అంబాసిడరే కావాలని బావ పట్టుబట్టాడు. తర్వాత్తర్వాత రెండు బండ్లూ అమ్ముడుపోయాయి. మామ పోయి చాలా ఏళ్ళయింది. బావకు చూపు తగ్గింది, బండి తోలడం లేదు.

పోయిన చలికాలంలో చిన్నమ్మను చూడడానికి బాడుగ కారులో వెళుతూ ఆ మిట్ట దగ్గర ఆపమన్నాను. మిట్ట లేదు. రోడ్డు వేసినప్పుడు కొట్టి చదును చేశారు. వంక మీద చిన్న వంతెన, దాని మీద నున్నటి తారు. కారు దిగి, ఏది ఎక్కడ ఉండేదో పోల్చుకోవడానికి ప్రయత్నిస్తూ నిలబడ్డాను. టమోటా చేలల్లో డ్రిప్పు పైపులు తప్ప మనిషి కనిపించలేదు. పాల క్యాన్లు కట్టిన మోటారు సైకిల్ మీద ఒక కుర్రాడు వెళ్ళిపోతూ, కొంత దూరం పోయి, మళ్ళీ తిప్పుకుని వచ్చాడు.

"యాల నిలబడినారు పెద్దాయనా, బండి సెడిపొయిందా? తొయ్యాల్నా?"

లేదప్పా, బాగానే ఉంది అన్నాను. సరేనని వెళ్ళిపోయాడు. కారులో కూర్చున్నాక, అంత తొందరగా బాగానే ఉందని ఎందుకు అన్నానా అనుకున్నాను. ఆ రోజుల్లో పదిమంది చేయి పడనిదే బండి ఆ దారిన పోయేది కాదు. ఇప్పుడు పోతోంది, చిన్నమ్మలాంటివాళ్ళ వాకిట్లోకి డాక్టరు వేళకు వస్తున్నాడు, ఇంతకంటే మేలు ఎవరూ కోరుకోలేరు. అయినా, తోయడానికి వెనక్కి తిరిగి వచ్చిన మనిషిని తోసే పని లేకుండా పంపించేశాను. కాసేపు ఏదో ఒక సాకు చెప్పి నిలబెట్టి, మీది ఏ ఊరప్పా, మీ పెద్దోళ్ళు ఎవరప్పా అని అడిగి ఉండాల్సింది. వాళ్ళ తాత చేతులు కూడా ఆ బానెట్ మీద పడి ఉంటాయేమో, నాకు తెలియదు.